పాళెగాళ్ళ పింఛను



పెన్షనర్ల దినం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయవలసిందిగా మన కార్యదర్శి గారు కోరారు. డిసెంబరు 17 విశేషం మనలో ఎవరికీ చెప్పనక్కరలేదు. 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పింఛను అన్నది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదనీ, చేసిన సేవకు రావలసిన హక్కు అనీ చెప్పింది. ఏటేటా సభలో ఆ తీర్పును తలచుకుంటూనే ఉన్నాము. ఈసారి నేను అంతకు 180 ఏళ్ళు వెనక్కి పోయి, మన సీమలో కుంఫిణీ వారి దగ్గర తొలినాళ్ళలో పింఛను పుచ్చుకున్నవారి సంగతి రాయదలచాను. వారు గుమాస్తాలు కారు, బంట్రోతులు కారు. పాళెగాళ్ళు. వారు చేసిన సేవ అల్లా ఆయుధం కింద పెట్టడమే.

నాకు ఈ విషయం మీద ధ్యాస మళ్ళడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మాది కళ్యాణదుర్గం వైపు ఒక చిన్న పల్లె. మేము బోయవాళ్ళం. ఊరికి పడమటి పక్క మాకు నాలుగు ఎకరాల ఎర్రనేల ఉండేది. దాన్ని ఊరంతా కట్టుబడి చేను అనేవారు. చిన్నప్పుడు కట్టుబడి అంటే ఎవరో మనిషి పేరనుకునేవాణ్ణి. పశువుల కొట్టంలో దూలానికి తుప్పు పట్టిన ఈటె మొన ఒకటి గుచ్చి ఉండేది. దసరా పండుగకు మడకకు, గుంటకకు బొట్టు పెట్టేటప్పుడు మా అవ్వ ఆ ఈటెకు కూడా ఒక బొట్టు పెట్టేది. ఎందుకవ్వా అంటే, "మీ తాతల నాడు దాన్ని దించి మడక పట్టినారు లేరా, అందుకే మనకా చేను" అనేది. అంతకు మించి ఆమెకు తెలియదు.

1973లో నేను తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. మొదటి ఏడాదే రికార్డు రూములో వేశారు. దుమ్ముకు దగ్గు వచ్చింది గాని, ఆ గది నాకు బడికంటే ఎక్కువ చదువు చెప్పింది. ఒకనాడు ఎవరికో నకలు ఇవ్వడానికి ఇనాం ఫెయిర్ రిజిస్టరు తీస్తే, కుతూహలం ఆగక మా ఊరి పేజీ కూడా తిప్పి చూశాను. మా చేను విస్తీర్ణం, టి.డి. నంబరు, పక్కన కట్టుబడి అనే మాట, మా పూర్వీకుని పేరు, అన్నీ ఉన్నాయి. నా ఒళ్ళు జలదరించింది. ఆఫీసు పని కాని పనికి రిజిస్టరు తిప్పినందుకు హెడ్ గుమాస్తా గారు చివాట్లు పెట్టారు. తర్వాత ఆయనే బల్ల పక్కన కూర్చొని, "ఒరే అబ్బాయీ, ఇది మన్రో దొర కాలం నాటి లెక్క" అని విడమరచి చెప్పారు. ఆనాటి నుండి దొరికినంత మేరకు గెజెటీర్లు, మాన్యువళ్ళు చదువుతూ వచ్చాను.

సంగతి క్లుప్తంగా ఇది. విజయనగర కాలంలో ఊళ్ళ కావలికి, యుద్ధ సమయంలో మనుషులను తేవడానికి నియమించబడిన నాయకులు, ఆ రాజ్యం పడిపోయాక ఎక్కడికక్కడ చిన్న కోటలు కట్టుకొని పాళెగాళ్ళయ్యారు. మన అనంతపురాన్ని ఏలిన హండె వంశం వారు, రాయదుర్గం నాయకులు, అందరూ ఆ కోవలోనివారే. ఒక్కొక్కరి కింద వందల మంది, పెద్దవారి కింద వేల మంది బంట్లు. జీతమంటూ రొక్కం లేదు. తక్కువ కట్టుబడికి, అంటే నామమాత్రపు శిస్తుకు, భూమి ఇచ్చేవారు. పిలిచినప్పుడు ఈటె, కత్తి, నాటు తుపాకి పట్టుకొని రావాలి. ఆ భూమినీ కట్టుబడి అన్నారు, ఆ బంటునూ కట్టుబడి అన్నారు. హైదరు అలీ, టిప్పు సుల్తాను కాలంలో వీళ్ళలో చాలామందిని వెళ్ళగొట్టారు. 1799లో శ్రీరంగపట్టణం పడిపోగానే, పోయినవారు పోయినట్టే తిరిగి వచ్చి తమ కోటలు ఎక్కారు.

మరుసటి సంవత్సరం, 1800 అక్టోబరులో, నిజాం నవాబు తన దగ్గర ఉంచుకున్న కుంఫిణీ సేన ఖర్చు కింద ఈ సీమనంతా ఇంగ్లీషు వారికి ధారాదత్తం చేశాడు. దత్త మండలం అన్న పేరు అలా వచ్చిందే. ఇక్కడి జనాన్ని ఎవరూ అడిగింది లేదు. ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. అనంతపురం ముఖ్య స్థానంగా చేసుకున్నాడు గాని, ఏడేళ్ళలో ఎక్కువ భాగం డేరాల్లోనే గడిపాడు. ఆయన వచ్చేనాటికి ఈ మండలంలో 80 మంది పాళెగాళ్ళు, వారి కింద దాదాపు 30,000 మంది ఆయుధం పట్టిన బంట్లు ఉన్నారని లెక్క. ఒక్కసారి ఊహించండి. వానలు లేని ఈ మెట్ట సీమలో, ముప్పై వేల ఈటెలు!

మన్రో వారితో మాట్లాడాడా, కొట్టాడా అంటే రెండూ చేశాడు. మాట్లాడడమంటే నేటి అర్థంలో ఎదురెదురుగా బల్ల దగ్గర కూర్చోవడం కాదు. షరతులు ఆయనవే. పాళెగాడు స్వయంగా కచేరీకి వచ్చి కనిపించాలి. బంట్లను పంపించి వేయాలి. కోట అప్పగించాలి. రైతుల దగ్గర కావలి రుసుములు వసూలు చేయకూడదు. ఒప్పుకున్నవానికి భూమి గాని, నెలకింత అని పింఛను గాని. ఒప్పుకోనివాని మీదికి జనరల్ క్యాంబెల్ సేన. కచేరీకి వస్తే పట్టుకుంటారేమోనని భయపడి రానివారు కూడా తిరుగుబాటుదార్ల జాబితాలోకి ఎక్కారు. ఆ భయం ఉత్తది కాదు కూడా. పాళెగాళ్ళ విషయంలో మన్రో మరీ కఠినంగా పోయాడని లండనులోని కుంఫిణీ డైరెక్టర్లే ఆక్షేపించారు. మన్రో ఒప్పుకోలేదు. ఇంతమంది సాయుధులు ఉండగా రైతుకు రక్షణ లేదన్నది ఆయన వాదం. 1802 మార్చిలో పాళెగాళ్ళ వంశ చరిత్రలు, వారి ఆదాయాలు, వారితో ఏమి చేయాలన్నది అంతా ఒక పెద్ద నివేదికగా రాసి పంపాడు. దొర మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ అటుంచి, గుమాస్తాగా నేను ఒకటి ఒప్పుకుంటాను. ఆయన కాగితం పని శుద్ధమైనది.

రాయదుర్గం పాళెగానిది ఒక రకమైన కథ. ఆయనను నిజాం వారే ముందు హైదరాబాదుకు తీసుకుపోయారు. కుంఫిణీ వచ్చాక గుత్తికి మార్చి అక్కడే ఉంచారు. ఖైదీ అనలేము, స్వేచ్ఛ ఉందనలేము. గుత్తిలోనే ప్రాణం విడిచాడు. కుటుంబానికి పింఛను సాగింది. తెర్నేకల్లుది ఇంకో రకం. అది ఇప్పటి కర్నూలు జిల్లాలో ఉంది. అక్కడ ఎదిరించింది పేరున్న పాళెగాడు కాదు, శిస్తు దగ్గర తిరగబడిన ఊరివాళ్ళు. 1801 డిసెంబరులో కుంఫిణీ సేన మొదటిసారి కోట మీదికి పోయి దెబ్బ తిని వెనక్కి వచ్చింది. మళ్ళీ బలగం కూడగట్టుకొని పోయి పట్టుకున్నారు. ఊరి పెద్ద గౌడప్పను ఉరి తీశారని ఆ పక్క జనం నేటికీ చెప్పుకుంటారు. షరతులు చెప్పిన చేతిలోనే ఫిరంగి కూడా ఉన్నప్పుడు జరిగేది అదే.

అయినా నాకు పాళెగాళ్ళ కంటే వారి బంట్ల సంగతే ముఖ్యం. పింఛను పాళెగానికి వస్తుంది. ముప్పై వేల మంది ఏం తినాలి? కొందరిని ఊరి కావలికి, పోలీసు పనికి పెట్టుకొని, వారి కట్టుబడి భూములు వారికే ఉంచారు. తక్కినవారిలో చాలామంది సేద్యంలోకి దిగారు. మా తాతల తాత చేతిలో ఈటె పోయి మడక వచ్చింది ఆ లెక్కలోనే. అర్ధ శతాబ్దం తర్వాత, 1859లో మద్రాసు ప్రభుత్వం కొత్త పోలీసు చట్టం తెచ్చి పాత కావలి సేవను పక్కన పెట్టినప్పుడు, ఇనాం కమిషన్ వారు వచ్చి, ఇక నీ సేవ అక్కరలేదు, క్విట్ రెంటు కట్టుకొని భూమి నీవే ఉంచుకో అని మా వాళ్ళకు పత్రం ఇచ్చారు. నేను రిజిస్టరులో చూసిన టి.డి. నంబరు అదే. నాలుగు ఎకరాల మెట్ట. వేరుసెనగ పండితే పండింది, లేకపోతే లేదు. కాని మా ఇంట్లో ఎవరూ తిరిగి ఈటె పట్టలేదు.

పట్టినవారు ఉన్నారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు 2019లో సినిమా వచ్చాక మన మనుమలకు కూడా తెలుసు. మన సంఘం సభ్యులు ఆ కథను ట్రెజరీ దృష్టితో ఒకసారి చూడాలి. నొస్సం పాళెగాడు జయరామిరెడ్డి కోట, ఊళ్ళు పోగొట్టుకొని కుంఫిణీ పింఛను మీద ఉన్నవాడు. ఆయనకు కొడుకులు లేరు. ఆయన పోవడంతో ఆ పింఛనూ నిలిచిపోయింది. కూతురి వంశాన ఆయనకు మనుమడైన నరసింహారెడ్డికి తండ్రి వైపు నుండి వచ్చేది నెలకు 11 రూపాయల చిల్లర. తాత పింఛనులో భాగం వస్తుందని ఆశ పెట్టుకున్నాడు, రాలేదు. అదే కాలంలో, చనిపోయిన కట్టుబడుల భూములను వారసులకు ఇవ్వకుండా ప్రభుత్వం కలుపుకోవడం మొదలు పెట్టింది. అంటే 1800లో మన్రో కాలంలో ఏ మాట మీద ఈటెలు దించారో, ఆ మాటను 1846లో వెనక్కి తీసుకుంటున్నారన్నమాట. పొట్ట కొట్టబడిన కట్టుబడులే నరసింహారెడ్డి వెంట నడిచారు. 1846 జులైలో వారు మొదట పడింది కోయిలకుంట్ల ఖజానా మీద. పింఛను తెమ్మని పంపిన మనిషిని అక్కడి తహసీల్దారు అవమానించి పంపాడని జనశ్రుతి. మూడు నెలలు కొండల్లో పోరాడి, అక్టోబరులో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. తలను కోట బురుజుకు వేలాడదీసి, 1877 దాకా ఉంచారు. ముప్పై ఏళ్ళు!

ఆయన దేశభక్తిని నేను తక్కువ చేయడం లేదు. ఆయన వెంట వందలాది మంది ఎందుకు వచ్చారన్నది రిజిస్టరులోనే ఉందంటున్నాను. ఈ మాట అనడానికి నాకు కొంచెం అనుభవం కూడా ఉంది. 2008లో నేను పదవీ విరమణ చేసినప్పుడు, సర్వీసు పుస్తకంలో ఒక ఇంక్రిమెంటు ఎంట్రీకి సంతకం లేదని ఒక ఆఫీసు వారు నా పింఛను కాగితాలు ఎనిమిది నెలలు ఆపారు. ముప్పై అయిదేళ్ళు ఇతరుల ఫైళ్ళు నడిపినవాణ్ణి, నా ఫైలు కోసం బల్లల మధ్య తిరిగాను. ఒకనాడు మెట్ల మీద కూర్చొని కోయిలకుంట్ల ఖజానా గుర్తు చేసుకొని నాలో నేనే నవ్వుకున్నాను. నా దగ్గర ఈటె లేదు. ఉన్నా అది దూలానికి గుచ్చి ఉంది.

ఇప్పుడు మన కళ్ళ ముందు జరిగిన దానికి వస్తాను. 2004 మే నెలలో కొత్త ప్రభుత్వం వచ్చింది. జూన్‌లో నక్సలైట్లతో కాల్పుల విరమణ ప్రకటించారు. జులైలో పీపుల్స్ వార్ మీది నిషేధాన్ని పొడిగించకుండా వదిలేశారు. అంతకు ముందు 2002లో ఒకసారి మాటలు మొదలై మధ్యలోనే ఆగిపోయాయి, 2003 అక్టోబరులో అలిపిరిలో ముఖ్యమంత్రి మీద మందుపాతర పేలింది, కాబట్టి ఈసారి ఎవరికీ పెద్ద నమ్మకం లేదు. అయినా అక్టోబరులో రామకృష్ణ మొదలైనవారు నల్లమల నుండి బయటికి వచ్చారు. గుత్తికొండ బిలం దగ్గర సభ జరిగింది. జనం జాతరకు వచ్చినట్టు వచ్చారు. 15 నుండి 18 వరకు నాలుగు రోజులు హైదరాబాదులో మంజీరా అతిథి గృహంలో చర్చలు. ప్రభుత్వం తరఫున హోం మంత్రి జానారెడ్డి. ఆ పక్క మావోయిస్టులు, జనశక్తి వారు. మధ్యన పౌర స్పందన వేదిక పెద్దలు.

ఆ పెద్దలలో ఎస్.ఆర్. శంకరన్ గారి గురించి రెండు ముక్కలు రాయకపోతే ఈ సంచికకు న్యాయం కాదు. ఆయనా మన వలెనే పెన్షనరు. ఐ.ఎ.ఎస్. అధికారిగా హరిజన గిరిజన సంక్షేమానికి ఆయన చేసిన పని పాత ఉద్యోగులందరికీ తెలుసు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలో నక్సలైట్లు బందీలుగా పట్టుకున్న అధికారులలో ఆయన ఒకరు. తనను తుపాకితో పట్టుకున్నవారి కోసమే పదేళ్ళ తర్వాత, 1997లో, ఆ వేదిక పెట్టి, రెండు పక్షాలకూ ఉత్తరాలు రాస్తూ, ఊళ్ళు తిరుగుతూ, ఏడేళ్ళు శ్రమపడి వారిని ఒక గదిలో కూర్చోబెట్టారు. పోలీసుల చేతిలో పోయినవాని ఇంటికీ వెళ్ళారు, నక్సలైట్ల చేతిలో పోయినవాని ఇంటికీ వెళ్ళారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. తన పింఛనులో ఎక్కువ భాగం పేద పిల్లల చదువుకే పోయేది. 2010 అక్టోబరులో కన్నుమూశారు.

ఆ నాలుగు రోజులు మా కలెక్టరాఫీసు ముందరి టీ అంగడిలో పేపరుకు చేతులు చాలలేదు. ఆ ఏడు మా బల్లల మీద నిండా ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు ఇచ్చే 421 జి.వో. ఫైళ్ళే. అందుచేత చర్చల్లో భూమి మాట వచ్చినప్పుడల్లా మేము చెవులు రిక్కించేవాళ్ళం. డి.పట్టా ఇచ్చిన భూమి ఎవరి అనుభవంలో ఉందో, 1977 చట్టం ప్రకారం అమ్మకూడని భూమి ఎన్ని చేతులు మారిందో మాకు తెలిసినంత ఆ గదిలో కూర్చున్న వారికి కూడా తెలియదేమో. కాని పేపరులో చదివిన చర్చంతా తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చేది. ఆయుధాలతో ఊళ్ళలో తిరగడానికి వీల్లేదని ప్రభుత్వం. ఆయుధం వదలడం చర్చల్లో భాగమే కాదని వాళ్ళు. తుపాకి గురించి అంత మాట్లాడారు గాని, దాన్ని మోసే కుర్రవాడు మరుసటి రోజు ఏ ఊరికి పోయి ఏమి చేసుకొని బతకాలి, వాని మీది కేసులు ఏమవుతాయి, వాని ప్రాణానికి ఎవరు పూచీ అన్నది వెనకబడిపోయింది. లొంగిపోయిన ఒక్కొక్కరికి పునరావాసం కింద ఇంత అని ఇచ్చే పథకం అంతకు ముందే ఉంది. కాని అది చర్చకు వచ్చినవానికి ఇచ్చే హామీ కాదు, ఓడిపోయి వచ్చినవానికి ఇచ్చే సాయం. మన్రో దొర షరతుల్లో కూడా ఈ పోలిక ఉందని పాఠకులు గమనించే ఉంటారు.

కాల్పుల విరమణ పత్రం మీద సంతకాలు పడలేదు. మళ్ళీ కలుద్దామని విడిపోయారు. మన ఆఫీసుల్లో సంతకం లేని కాగితాన్ని డిస్పాచి గుమాస్తా కూడా ముట్టుకోడు. 2005 జనవరిలో మళ్ళీ ఎన్‌కౌంటర్లు జరిగాయి, చర్చల నుండి తప్పుకుంటున్నామని వాళ్ళు ప్రకటించారు. చర్చలకు వచ్చినవారిలో ఒకడైన జనశక్తి రియాజ్ జులైలో ఎన్‌కౌంటరులో పోయాడు. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయనతో ఉన్నవారిని కాల్చి చంపారు. రెండు రోజులకు నిషేధం మళ్ళీ వచ్చింది. భూమి విషయానికి కోనేరు రంగారావు గారి కమిటీ వేశారు, అది 2006లో నివేదిక ఇచ్చింది. మంచి నివేదికే. అయితే అప్పటికి దానికోసం అడిగినవారు బల్ల దగ్గర లేరు.

సరిగ్గా అదే సంవత్సరం, 2005 సెప్టెంబరులో, ఉత్తర ఐర్లండులో ఐ.ఆర్.ఎ. వారు ఆయుధాలన్నీ పనికిరాకుండా చేశారని అక్కడి అంతర్జాతీయ కమిషన్ ప్రకటించింది. వాళ్ళకు ఒప్పందం జరిగింది 1998 ఏప్రిల్‌లో. ముందు తుపాకి పెట్టు, తర్వాత మాట్లాడదాం అని కూర్చొని ఉంటే అది జరిగేది కాదు. శాసనసభలో చోటు, ఖైదీల విడుదల, పోలీసు శాఖ మార్పు, అన్నీ కాగితం మీద పెట్టుకొని, ఆయుధాల లెక్కకు కెనడా దేశపు జనరల్ డి చాస్ట్‌లైన్‌ను పెద్దమనిషిగా పెట్టుకున్నారు. అయినా ఏడేళ్ళు పట్టింది. మధ్యలో ఎన్నోసార్లు ఆగింది. మన దగ్గర ఏడు నెలలు కూడా ఆగలేకపోయాం. రెండు పక్షాల తప్పూ ఉంది. ఒకరిది ఎక్కువ, ఒకరిది తక్కువ అని తూచడానికి నేను ట్రిబ్యునల్‌ను కాను. కాని ఊళ్ళలో తుపాకితో తిరగడం మానకుండా శాంతి అడగడం నాకు అర్థం కాలేదు. బయటికి వచ్చి మాట్లాడినవాణ్ణి తర్వాత వెంటాడడం అంతకంటే అర్థం కాలేదు.

రామకృష్ణ 2021 అక్టోబరులో అడవిలోనే జబ్బుతో పోయాడు. 2025 అక్టోబరులో పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్ తన వెంట ఉన్నవారితో గడ్చిరోలి పోయి మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎదుట తుపాకులు అప్పగించాడు. టీవీలో ఆ వరుస చూశాను. ఒక్కొక్కరూ వచ్చి ఆయుధం ఇచ్చి పక్కకు పోతున్నారు. మా మనుమరాలు, తాతా వీళ్ళకిప్పుడు ఏమిస్తారు అని అడిగింది. పునరావాసం ఇస్తారమ్మా అన్నాను. ఎన్నాళ్ళు ఇస్తారు అంది. అదే అడగవలసిన ప్రశ్న. రాయదుర్గం పాళెగాని వారసులు అడిగిందీ, నొస్సం మనుమడు అడిగిందీ అదే.

మన్రో 1827 జులైలో ఈ సీమను చివరిసారి చూసిపోదామని వచ్చి, పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. మొదట గుత్తిలోనే పూడ్చారు, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. గుత్తి కోట కింద ఆ సమాధి స్థలం నేటికీ ఉంది, వెళ్ళినవారు చూడవచ్చు. మా ఈటె మొన మా తమ్ముని కొడుకు ఇంట్లో ఉంది. చేను మాత్రం బోరు అప్పులకు 1990లలో అమ్మేశాం.

సభ్యులకు ఒక మనవి. మీ ఇళ్ళలో పాత ఇనాం పత్రాలు, కట్టుబడి టి.డి.లు, తాతల నాటి పింఛను కాగితాలు ఏవైనా ఉంటే, చెదలకు వదలక సంఘం ఆఫీసుకు తీసుకురండి. నెల మొదటి ఆదివారం ఉదయం నేను అక్కడే ఉంటాను. జిరాక్సు తీసుకొని అసలు అప్పటికప్పుడే మీ చేతికి ఇచ్చివేస్తాను.